నాలుగు బ్రష్షులు

బర్కా రౌండబౌట్ దాటినంక
పెట్రోల్ బంకు పక్క సందుల బీరాన్ కోయ దుకాణం.
తలుపు తీస్తే చల్లగాలి, రబ్బరు వాసన,
మల్లా రబ్బరు వాసన.
జేబుల సూపర్‌వైజర్ చీటీ:
అరవై రియాళ్లు, ఇద్దరు మనుషులు, పదకొండు విల్లాలు.
సామాను నువ్వే చూసి తెచ్చుకో అన్నడు.
పద్నాలుగేండ్లల్ల నన్ను ఒకటి ఎంచుకొమ్మన్నది
ఇదే మొదలు.

ముందుగాల రోబో చూపెట్టిండు కోయ.
పిల్లల ఆటబండి లెక్క అద్దం మీద పాకుతది,
అంచు కాడ ఆగి ఎనక్కి మళ్లుతది.
'దీనికి భయం తెలుసు' అన్నడు మురిసిపోయి.
ధర, మా ఇద్దరి ఏడాది జీతం.
షఫీకుల్ వంగి దాన్నే చూసిండు,
తన జాగల ఎవడో కూసున్నట్టు.

తర్వాత గట్టి పండ్ల బ్రష్షు.
పది నిమిషాల పని రెండు నిమిషాలల్ల అయితదట.
వద్దన్న.
ఈడి ఇసుక తడిస్తే గరుకు కాగితమే.
దానికి గట్టి బ్రష్షు తోడైతే
అద్దం ఒంటి నిండ గీతలు,
గీతల్ల మల్లా ఇసుక.

సిరిసిల్లల మా తాతకు కుంచె ఉండె,
పడుగుకు గంజి పెట్టేది.
పొద్దు పొడవకముందే వీధి పొడుగునా పడుగు సాపి
అటొకరు ఇటొకరు నడిచేది.
కొత్త కుంచె కొనాల్నంటే
ముంజేతి లోపలి దిక్కు గీకి చూసేటోడు.
తోలు ఎర్రగైతే
'ఇది దారం తెంపుతది, నీ దగ్గరే పెట్టుకో' అనేది.

బీరాన్ కోయ ముందు నేను చొక్కా చెయ్యి మడిసిన.
ఆరు బ్రష్షులు గీకిన.
ఏడోది తెల్లటి నైలాను, కొసలు చీలినయి,
వచ్చింది పోయింది తోలుకు తెల్వలేదు.
'అద్దం కొంటున్నవా, పిల్లను చూస్తున్నవా?' అన్నడు కోయ.
జవాబియ్యలే. రెండు పక్కకు పెట్టిన.

కర్ర కాడ ఎక్కువ సేపు పట్టలే.
అల్యూమినియం తేలిక, సగం ధర,
గానీ కరెంటుకు దగ్గరి చుట్టం.
ఫైబరుది తీసుకున్న, మూడు మడతలది.

నీళ్లు ఎంచుడే కష్టం.
బాయినీళ్లు ఆరినయంటే
అద్దం మీద ఉప్పు ముగ్గు పెట్టి పోతయి.
కోయ గిన్నెల నీళ్లు పోసి పెన్నసొంటి మీటరు ముంచిండు:
ఎనిమిది వందల ముప్పై.
వడపోత డబ్బాల నుంచి తీసి ముంచిండు: పన్నెండు.
ఒక్కటే గిన్నె, ఒక్కటే రంగు.
నాలిక మీద చుక్క వేసుకున్న,
రుచి లేకపోవుడు కూడా ఒక రుచే.

డబ్బా తీసుకున్నంక పదహారు మిగిలినయి.
కొండికి నడుంపట్టీలు వేలాడుతున్నయి,
పసుపు తాళ్లు, ఇనుప కొక్కాలు.
చీటీల అవి లేవు.
అవి ఆఫీసే కొంటది. రెండేండ్లాయె, కొంటనే ఉంది.
పోయిన రంజానుల షఫీకుల్ జారి
టాంకీ పైపు పట్టుకొని వేలాడిండు.
ఫోటో పంపితే ఆఫీసు నుంచి
బొటనవేలి బొమ్మ వచ్చింది.

'ఒక్కోటి పదకొండు' అన్నడు కోయ.
షఫీకుల్ దిక్కు చూసిండు.
'ఎనిమిది.'
నీళ్లు తుడిచే రబ్బరు పట్టీ తీసి మల్లా అర్రల పెట్టిన,
పాత బనీను ఉంది గద.
బిల్లు రాసేటప్పుడు కోయ కలం ఆపి
'ఏం రాయాలె?' అన్నడు.
ముగ్గురం కొద్దిసేపు కలం మొనను చూసినం.
బ్రష్షులు, నాలుగు.

తెల్లారుజామున మూడున్నరకు ఖల్ఫాన్ ముసలాయన డాబా.
పొద్దెక్కితే అద్దం పెనం,
సన్నీళ్లు పడ్డయంటే పగుల్తది.
అందుకే చీకట్ల, అద్దం నిద్రల ఉన్నప్పుడే.
మంచుకు తడిసిన దుమ్ము బురదై జారుతుంటే
కింద ముసలాయన నమాజుకు పోతూ
మా తాళ్లు చూసి, ఆగి, తలూపిండు.

ఆరింటికి ఫోను.
'నాలుగు బ్రష్షులెందుకురా?'
'రెండు అద్దాలకు సార్.'
'మిగిలిన రెండు?'
సముద్రం దిక్కు నుంచి గాలి లేచింది.
నడుము కాడ తాడు ఒకసారి బిగిసి వదిలింది.
'తొందరగ అరుగుతయి సార్' అన్న.