రైట్ కార్నర్

మిల్లు గేటుకెదురుగా
సన్నెమ్మ టీ బడ్డీ కాడ
ఈ ఏడు కూడా మొదలైంది.

"గజపతినగరం డిగ్రీ గుంటడ్ని తేవాల్రా.
ఆడి కూత విన్నావేటి?
గీత దాటేడంటే
చంపావతి గాలి కూడా ఆడెనకే ఎల్తది."
లెంక తవిటయ్య, స్పిన్నింగు, బి షిఫ్టు.

"కూతకేటి, కాకీ కూస్తది"
అన్నాడు పతివాడ జోగులు.
"రాజాం పాలిటెక్నిక్కోడి చెయ్యి సూడు.
చీలమండ దొరికిందా,
పీటముడే."

నేను బీడీకట్ట కాయితం మీద
ఏడు పేర్లు రాసి నాలుగు కొట్టేశాను.
మోకాలు బాగోలేనోడొకడు.
మేనమామ పోలీసుల్లో చేర్పిస్తానన్నోడొకడు.
పరీక్ష తప్పినోడొకడు.
"ఆణ్ణి కొట్టీకు, ఎక్కడికీ పోడు" అన్నాడు తవిటయ్య.

బస్సు తప్పిపోయి కూర్చున్న కుర్రాడెవడో
మా గోలంతా విని, గ్లాసు కింద పెట్టి
అడిగాడు:
"ఏ టీముకండీ?"

ఎవరమూ గేటు వైపు చూడలేదు.
చూడకపోయినా తెలుసు:
తాళం, తాళం పక్కన నోటీసు,
దాని మీద అంటించిన ఇంకో నోటీసు.
యూనియనాఫీసు బీరువాలో
మిల్లు పేరు పసుప్పచ్చ దారంతో కుట్టిన ఏడు బనీన్లు,
మడత విప్పి మూడేళ్ళు.

సన్నెమ్మ స్టౌ తగ్గించింది.

రెండయింది.
సైరన్ మోగాల్సిన టైము.
అలవాటుకొద్దీ అందరం లేచాం,
లుంగీలు దులుపుకున్నాం,
మళ్ళీ కూర్చున్నాం.

జోగులు గొంతు సవరించుకున్నాడు.
"అదంతా సరే గానీ,
రైట్ కార్నరు మాట తేల్చండెహె ముందు."