ముందు చక్రం లెక్క

గునుపురం బస్టాండు వెనక
దండాసి కొట్టు ముందు టైర్లు
ఒకదానిమీదొకటి, మాడిన గారెల దొంతర.
బండికి స్టాండేయించి
ముందు చక్రం ఎత్తి తిప్పి
ఒకచోట ఆపాడు, నాడి దొరికినట్టు.
"దారాలు తేలిపోనాయి గున్నయ్య బావూ.
దీన్ని టైరంటారేటి?
ఉత్త ధైర్యం."

జేబులో రెండువేలు.
అందులో మూడొందలు నావి కావు,
చెల్లెలి పెళ్ళికి పచ్చంచు చీర తెమ్మని
సోంబారి సబర ముందుగా ఇచ్చినవి.
సోమవారం పుట్టిందట, అందుకా పేరు.
తెల్లారకముందే కొండెక్కి
చీపురుగడ్డి కోసి దించే మనిషిని
ఆ పేరుతో పిలిచిన ప్రతిసారీ
నా తెలుగుకి నేనే సిగ్గుపడతాను.

పేరున్న కంపెనీది పదిహేనొందలు.
నోరు తిరగని పేరుది తొమ్మిదొందల యాభై.
మూలనున్న రీసోలింగుది మూడొందల యాభైకే ఇస్తానని
ఇస్తాననే గొంతులోనే వద్దని చెప్పాడు.
నా లెక్క నాది:
తొమ్మిదొందల యాభైవి రెండు తీసుకుంటే
ముందూ వెనకా రెండూ కొత్తవవుతాయి,
బండి చూడ్డానికైనా బాగుంటాది.

"అద్దాలెట్టుకో," అన్నాడు.
టైరు పక్కగోడ మీద, దుమ్ము కింద, నాలుగంకెలు.
ముప్పై ఒకటి. పంతొమ్మిది.
ఆ ఏడు ముప్పై ఒకటో వారమట.
అంటే శ్రావణంలో పుట్టి
ఇన్నాళ్ళూ రేకుల కింద ఎండకి ఎండి
ఒక్క అడుగు కూడా తిరక్కుండా
ముసలిదైపోయింది.
గోరు గుచ్చితే దిగలేదు.
పదిహేనొందలదానికి గుచ్చాను,
దిగి, నెమ్మదిగా పూడుకుంది.

కొత్తూరు దాటి ఆంధ్రాలో కొంటే
వంద తగ్గుద్దని ఎవరో అన్నారు.
వెళ్ళొచ్చిన పెట్రోలుకే ఆ వంద సరి.
అయినా సరిహద్దు దాటామని చక్రానికెలా తెలుస్తుంది,
బోర్డుల మీద అక్షరాలు
అటూ గుండ్రమే, ఇటూ గుండ్రమే.

"వెనకది జారితే లెగుస్తావు.
ముందుది జారితే
లేపడానికి మనుషులు కావాలి."
దండాసి మామూలుగానే అన్నాడు, ట్యూబులో గాలి నొక్కుతూ.
నాకు పుట్టాసింగి మలుపు గుర్తొచ్చింది.
పోయిన ఆషాఢం, ఎర్రబురద,
ముందు చక్రం చేతుల్లోంచి వెళ్ళిపోవడం,
చీరల మూట విప్పుకుని వాలులోకి దొర్లడం.
ఎవరి పిల్లలో, పేరైనా అడగలేదు,
పద్దెనిమిది చీరలూ ఏరి, కడిగి, బండల మీద ఆరేసి
మేకలు రాకుండా సాయంత్రందాకా కాపలా కాశారు.
లెక్క చూసుకుంటే ఒక్కటీ తగ్గలేదు.
లెక్క చూసుకున్నందుకు
మోకాలికంటే అదే ఎక్కువ నొప్పెట్టింది.

ఒక్కటే, మంచిది, ముందుకి.
వెనకదాని గాళ్ళలో రూపాయి బిళ్ళ ఇంకా దిగుతోంది,
దసరాదాకా లాగిస్తాను.
ట్యూబు నూట ఎనభై.
మిగిలిన మూడొందల ఇరవైలో
ఇరవై టీలకి పోయింది, ఇద్దరికీ.
బిగింపు కూలి అరవై మాత్రం
దండాసి తన పుస్తకంలో రాసుకున్నాడు.
పదకొండేళ్ళుగా ఊరూరా
వాయిదాలు రాసుకునేవాణ్ణి,
నా పేరు ఇంకొకరి ఖాతాలో చూడడం ఇదే మొదలు.
ఒడియాలో రాశాడు, చదవలేను.
గుండ్రంగా ఉంది, నాదే అయ్యుంటుంది.

"వంద కిలోమీటర్లు మెల్లగా ఎల్లు,
కొత్త రబ్బరు మీద నూనె ఉంటాది."
మెల్లగానే వెళ్ళాను.
దారిలో నాకు తెలియని ఊరొకటి తగిలింది,
తొమ్మిది ఇళ్ళు,
ఇన్నేళ్ళూ దాని పక్కనుంచే పోయానట.

పద్మపురం సంతలో సోంబారి
పచ్చంచు చీర మడత విప్పకుండా చంకన పెట్టుకుని
బండి ముందు కూచుంది.
కొత్త టైరు మీద నిక్కిన రబ్బరు వెంట్రుకల్ని
వేళ్ళతో మీటి, నవ్వి,
ముళ్ళపందిని ఎక్కడ పట్టావని అడిగింది.
ఒకటి తెంచి ఇవ్వబోతే వద్దంది.
ఉండనీ, దారిలో వాటంతటవే పోతాయిలే అంది.