నీచు వాసన

జనవరిలో పట్టిన జలుబు ఫిబ్రవరిలో పోయింది.
పోతూ పోతూ దేన్ని పట్టుకుపోయిందో
మార్చిలో గానీ తెలియలేదు.

లోఫోటెన్‌లో ఆ నెలలన్నీ
కాడ్ చేపలు తోకకు తోక కట్టుకుని
కొయ్య దడుల మీద వేలాడతాయి,
ఉప్పు రవ్వయినా లేకుండా, ఉత్త గాలికి.
బస్సు దిగిన యాత్రికులు ముక్కులు మూసుకుంటారు.
"ఇక్కడెలా బతుకుతారండీ?" అందొకామె, స్కార్ఫ్ అడ్డం పెట్టుకుని.
ఆ మూసుకున్న ముక్కుని చూసి
కుళ్ళుకున్నాను.

ఎండు చేపల్ని రకాలు తీయడం నా పని.
ముప్పై ఒక్క ఏళ్ళు.
మెడ దగ్గర ముక్కు ఆనించి ఒక్క ఊపిరి.
ఇది మంచు కొట్టింది, ఇది వానకి పులిసింది,
ఇది ఇటలీకి, దీని తలకాయ నైజీరియాకి.
ఇరవై రకాలు, ఇరవై కుప్పలు.
కుప్పలకి పేర్లున్నాయి. వాసనలకి లేవు.
ఎవరికైనా చెప్పాల్సి వస్తే కదా.

ఇప్పుడు పాల డబ్బా మీద తారీఖుని
కోర్టు నోటీసులా రెండుసార్లు చదువుతాను.
కాఫీ అంటే వేడి.
బంగాళాదుంపలు అడుగంటిన సంగతి
గోడ మీది పొగ గంట అరిచి చెప్పాలి,
అదే గదిలో అల్లుకుంటూ కూర్చున్న నాకు.
పక్కింటి గూన్‌వోర్‌ని మెట్ల మీద ఆపి అడిగాను:
"నా దగ్గర కంపు కొడుతోందా?"
మెడ దగ్గరికి వంగింది, అచ్చం నేను చేపకి వంగినట్టు.
"సబ్బు," అంది. "మరీ ఎక్కువ సబ్బు."

డాక్టరు నాలుగు సీసాలిచ్చాడు:
గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం.
పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, తలుచుకుంటూ పీల్చాలట.
గులాబీని నేనెప్పుడు తలుచుకున్నాను గనక?
ఐదో సీసా నేనే చేసుకున్నాను,
చేప మెడ తునక ఒకటి వేసి, మూత బిగించి.

ఎవరికీ చెప్పకుండానే సెప్టెంబరులో పనికెళ్ళాను.
వేలితో నొక్కాను. బల్లకేసి కొట్టి విన్నాను.
బాగా ఎండింది ఖంగుమంటుంది,
లోపల తడి ఉన్నది దబ్బుమని ఊరుకుంటుంది.
పులుపు మాత్రం మోగదు.
నవంబరులో జెనోవా నుంచి ఒక కట్ట తిరిగొచ్చింది,
ఏడు చేపలు, చీటీ మీద ఒక్క వాక్యం.

యజమాని ఏమీ అనలేదు.
ఐలిఫ్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి
తెచ్చి నా పక్కన నిలబెట్టాడు.

"ఎలా ఉంది?"
"చేపలా ఉంది."
"ఎలాంటి చేపలా?"
"కంపు చేపలా."
మూడు వారాలు తిట్టాను వాణ్ణి.
నాలుగో వారం ఒకదాన్ని ఎత్తి, చాలాసేపు పట్టుకుని,
"మా తాత ఉన్ని తొడుగులు," అన్నాడు,
"తడిసొచ్చాక స్టవ్ మీద ఆరేస్తాడే, అలా."
నాకు తెలుసు. అది తొమ్మిదో కుప్ప.
ఇంకోటి, బడి సంచిలో మరిచిపోయిన చీజు.
ఇంకోటి, కొత్త తాడు; ఇంకోటి మాత్రం
చెప్పనన్నాడు, చెవులు ఎర్రబడ్డాయి.
అదీ రాసుకున్నాను, మాట లేకుండా గీత గీసి.
ఇప్పటికి పద్నాలుగు.

నిన్న ఐదో సీసా తెచ్చి వాడికిచ్చాను.
మూత తీశాడో లేదో వెనక్కి గెంతాడు.
"ఇది కుళ్ళిపోయిందమ్మా, పారెయ్యండి!"
పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను.
"సరిగ్గా చెప్పు," అన్నాను,
"ఎలా కుళ్ళింది?"