వాయిదా గడ్డి

పుప్పాలగూడల నాలుగెకరాలు.
ఇద్దరన్నదమ్ముల పంచాయితి, పదకొండేండ్లది.
చుట్టూ అద్దాల మేడలు,
నడుమ నా దున్నపిల్లలు పద్నాలుగు.
"ఈ స్థలం కోర్టు వివాదంలో ఉన్నది" అని బోర్డు.
చెవుల మచ్చది రోజూ దానికే మెడ రాసుకుంటది.
'వివాదం' ఎప్పుడో చెరిగింది,
'స్థలం' ఒక్కటే మిగిలింది.

నెలకోసారి గుమాస్తా విఠల్ ఫోన్ చేస్తడు:
"సాయవ్వా, మళ్ల వాయిదా పడ్డది."
ఆ మాట నాకు మిరుగం వాన.

భూమిని నాలుగు మడులు చేసిన.
కంచె అంటే పెద్ద కంచె కాదు,
పాత చీరెల తాడు, పోయిన ఎలచ్చన్ల ఫ్లెక్సీలు.
దండం పెట్టే చేతులు గాలికి ఊగుతుంటే
జడుసుకొని ఏదీ అవతలికి పోదు.
నాయకులతోని నాకైన లాభం అదొక్కటే.

మోకాలెత్తు లేస్తే లోపలికి తోలుడు,
చీలమండల దాక దిగితే బయటికి కొట్టుడు.
ఎనిమిది దినాలు మేత, ఇరవైనాలుగు దినాలు నిద్ర.
వేరు మళ్ల కండ్లు తెరిచేదాక
ఎవలనూ మూతి పెట్టనియ్య.
ఇది నాకెవలూ చెప్పలే.
మొదటేడు ఇష్టమొచ్చినట్టు ఇడిచిపెట్టిన,
దీపావళి కల్ల మట్టి మిగిలింది,
మట్టిల వయ్యారిభామ
తెల్లపూలు పెట్టుకొని నిలబడ్డది.
చేతులు దద్దుర్లు లేచేదాక పీకిన.

మొదటి వానల గడ్డి గడ్డి కాదు, నీళ్లు.
పొద్దుగాల ఇంత ఎండు వరిగడ్డి కడుపుల పడాలె,
లేకుంటే పేడ చారు లెక్క జారుతది.
నాకు సదువు రాదు, పేడ సదువుత.
దొంతి లెక్క పడితే నిమ్మళం,
ఉండలు కడితే నీళ్లు తక్కువ.

ఎండకాలం గడ్డి కాగితం.
కడుపు నిండుతది, ఒంటికి పట్టదు.
అప్పుడు పత్తిగింజల చెక్క, కందిపొట్టు,
బీరు కంపెనీ నుంచి డీసీఎంల
పొగలు కక్కుకుంట వచ్చే పిప్పి.
కొలిచి పెడ్త. ప్రేమ ఎక్కువైతే
కడుపుల పులుపు లేస్తది.
ఉప్పు ఇటుకను సర్కారు తుమ్మకు వేలాడదీసిన.
నాకి నాకి నడుమ సన్నం చేసినయి,
అది ఎంత అరిగితే నాకంత ధైర్నం.

పదిహేడో అంతస్తు నుంచి ఎవలో
చపాతీలు కవర్ల కట్టి ఇసిరేస్తరు, పుణ్యానికి.
ఆ పుణ్యం పోయినేడు ఒకదాని కడుపుల చుట్టుకున్నది.
డాక్టరు కోసి తీస్తే
కవరు మీద అచ్చు ఇంకా పోలే:
"ధన్యవాదములు, మళ్లీ రండి."
అది మళ్ల లేవలే.

వీటిని పాలకు సాకుతలేను, నాగలికి కాదు.
ఆ సంగతి దాచ.
మొగది పుట్టిందంటే డెయిరీల
మూడోనాటికే తల్లి కాడ నుంచి గుంజి కట్టేస్తరు,
తనంతట తాను ఎండిపోనీ అని.
ఎముకల సంచులను వెయ్యికీ పదిహేనొందలకూ కొన్న.
రెండేండ్లు. కడుపునిండ రెండేండ్లు.
అంతకు మించి నేను మాటియ్యలే,
అవీ అడగలే.

నిన్న జహంగీర్ భాయ్ వచ్చిండు, టేపు పట్టుకొని.
ఎద చుట్టూ కొలిచి, వీపు చరిచి
ఐదింటికి సుద్దముక్కతోని గీత పెట్టిండు.
"ఏం పెట్టి పెంచినవ్ అక్కా?"
"కోర్టును," అన్న. ఆయనకు సమజ్ కాలే.
చెవుల మచ్చదాని కాడ ఆగిండు,
టేపు రెండుసార్లు తిప్పి చూసిండు.
"ఇది ఇంకో పదిహేను కిలోలు రావాలె. దసరాకు చూద్దాం."
దానికి గూడ వాయిదా పడ్డది.

రాత్రి విఠల్ గొంతు వేరేగున్నది:
"అన్నదమ్ములు కలిసిండ్రంట, సాయవ్వా.
ఈసారి తీర్పే."
మంచిదే. అన్నదమ్ములు కలవాలె.
నేను పొద్దుగాల లేచి మూడో మడి కాడికి పోయిన.
మంచుకు తడిసిన గడ్డి
మోకాలిచిప్పను తాకుతున్నది.
లెక్క ప్రకారం ఇయ్యాల తెరిచే దినమే.
తాడు ముడి ఇప్పిన.