పంక్తికి ఇంత

సిరొంచ రేవులో నావ టికీట్లు చింపే
దుర్గం లసుమయ్య కాడ ఒకటే పుస్తకం ఉండేది.
అట్ట లేదు. మొదటి ఆకు చెదలు తిన్నది,
రాసినాయన పేరు అండ్లనే పోయింది.
"ఫ్రాన్సాయన" అనేటోడు లసుమయ్య,
పక్కూరి మేనమామ సంగతి చెప్పినట్టు.

ముందుమాట మిగిలింది, మూడు పేజీలు.
అది మొత్తం నోటికొచ్చు:
ఎనభై నాలుగు నవలలట.
చేపల అంగడి మీది అర్రల కూసోని
కోడి కూయకముందే మోకాళ్ళ మీద ఉన్నిశాలువ కప్పుకొని
సుమత్రా తుపాన్లు, సహారా దొంగలు,
మంచుగడ్డల నడుమ ఇరికిన ఓడలు.
తను ఓడెక్కింది మాత్రం ఒక్కసారి,
రేవు దాటకముందే కక్కుకొని దిగిండట.

"నా లెక్కనే," అని నవ్వేటోడు లసుమయ్య.
ముప్పై ఏండ్లు గంగ దాటిండు,
కాళేశ్వరం మెట్లు దాటి అవతలికి ఎన్నడూ పోలేదు.

పత్రికోళ్ళు ఆ ఫ్రాన్సాయనకు
పంక్తికి ఇంత అని కూలి కట్టేటోళ్ళట.
అందుకే ఆయన నావికులు
ఇట్ల మాట్లాడుకుంటరు:
"ఎవరు?"
"నేను."
"నువ్వా?"
"నేనే."
"బతికే ఉన్నవా?"
"ఉన్న."
ఆరు పంక్తులు. పొయ్యిలకు బొగ్గు, పిల్లగానికి పాలు.
తునికాకు కట్టకు ఇంతని కూలి తీసుకునే ఆడోళ్ళు
నావల ఇది విని అందరికంటే ముందు నవ్విండ్రు.

పదో అధ్యాయంల మొసలి మింగిన వంటాయన
పంతొమ్మిదోదాంట్ల ఉల్లిగడ్డలు కోస్తుంటడు.
"మరిచిపోయిండు పాపం,
ఎంతమందినని యాదికుంచుకుంటడు?"

ప్రాణహిత నీళ్ళు గోదారిల కలిసే కాడ,
రంగు మారే గీత మీదికి నావ రాంగనే
కథల ఓడ మునగాలె. అది లసుమయ్య కాయిదా.
గాలి తిరిగి నావ జల్ది పోతే
దొంగలను కొందరిని ఎగ్గొట్టేటోడు.

ఎనభై ఆరు వరదల చివరి పదహారు పేజీలు పోయినయ్.
అప్పటిసంది రోజుకో ముగింపు.
ఒకనాడు కెప్టెన్ ఇంద్రావతి ఎదురెక్కి బస్తరు చేరిండు.
ఒకనాడు సోమ్నూరు కాడ ఇసుకల ఇరికిండు.
విధవరాలు జంగుబాయి అడిగిందని
ఒకనాడు లగ్గం గూడ చేసుకున్నడు.
నేను బడిల దాన్ని మరాఠీల రాస్తే
గురూజీ పదికి నాలుగేసి
"కెప్టెన్ మన జిల్లాకు ఎట్లొచ్చిండు?" అని ఎర్రసిరాతో అడిగిండు.

వంతెన వచ్చింది.
బస్సుల గంగ రెండు నిమిషాలు.
ఓడ మునగనీకి ఆ టైము సాలదు.

మొన్న బల్లార్షా కాగితం మిల్లు గేటు కాడ
ఉడకబెట్టనీకి పోతున్న గుట్టల
ఇంకో ప్రతి దొరికింది నాకు, అట్టతో సహా.
రాసినాయన పేరుంది.
లసుమయ్యకు చెప్పలే. ఆయన అడగలే.
చివరి పదహారు పేజీలే తియ్యమన్నడు.

పద్నాలుగు ప్రకటనలు:
దగ్గుమందు, జాతకాలు, పచ్చళ్ళ పుస్తకం.
కథ రెండు పేజీలు. ఆఖరుకు,
"కెప్టెను క్షేమముగా ఇల్లు చేరెను. సమాప్తము."

భూతద్దం జరిపి జరిపి చూసిండు.
"గింతేనా?"
చానాసేపు ఆగి,
"కూలి ఎగ్గొట్టిండ్రు కావచ్చు పాపం."
చెవి మీది పెన్సిలు తీసి
సమాప్తము కొట్టేసి పక్కన రాసిండు: సషేశం.
తప్పే. నేను దిద్దలే.

"గంగ ఎంతుంది నడుమల?"
"మోకాళ్ళ లోతు."
"గంతేనా?"
"గంతే."
"ఓడ ఆడదు. మిరుగు రానీ."