అడుగున ఇచ్చిన అర్థం

మందస హైస్కూల్లో పదో తరగతి,
భోజనాల తర్వాత ఇంగ్లీషు పీరియడ్.
పాఠంలో ఎక్కడో ఆఫ్రికా పల్లె,
కరువులో ఒక ముసలమ్మ అడవిదుంప తవ్వుతోంది.
పేజీ అడుగున సన్నక్షరాల్లో అర్థం:
"అక్కడివారు తినే ఒక రకం దుంప."

అదే బోర్డు మీద ఎక్కిస్తుంటే
వెనక బెంచీలో సవర జమున లేచింది.
జూన్ నించి హాజరుకి తప్ప నోరు విప్పని పిల్ల.

"మేవూ తింటాం గదా మాస్టారూ.
ముక్కలు కోసి రెండ్రోజులు గెడ్డనీటిలో ఉంచకపోతే
గొంతు దురదెట్టేస్తాది.
ఆ ముసిల్ది తవ్వినెంటనే కాల్చుకు తినేసినట్టు రాసేరు.
ఎవులు రాసేరో గానీ, తిన్లేదు."

మీ మాటలో దాని పేరేమిటన్నాను.
చెప్పింది. పలికాను. కాదంది.
మళ్లీ పలికాను.
గొంతు ఠక్కున ఆగాల్సిన చోట
నాది జారిపోతోంది.
ఇరవయ్యేళ్లుగా వీళ్ల నాలుకలు సరిచేసిన నోరు.
క్లాసంతా ఒకటే నవ్వు,
బెహరా సులోచన డెస్కు మీద పడి మరీ.

మైలపల్లి కుర్రాడొక్కడే నవ్వలేదు:
"ఇది పరీక్షకొస్తాదా?"

రాదన్నాను.
అయినా "అక్కడివారు" కొట్టేసి
పైన ఏదో రాసుకుంటున్నారు.
వంగి చూశాను.
సులోచన ఒడియాలో రాస్తోంది.
నాకా లిపి రాదు.