మూడుకీ నాలుక్కీ మధ్య

విత్తులు కొలిచే యంత్రానికి ఒక మీట కావాలి.
నువ్వులకి రెండో అంకె, చోళ్ళకి మూడు,
గంటెలకి నాలుగు, పెసలకి ఏడు.
తిప్పితే ఆగాలి, ఆగితే కదలకూడదు,
కదపాలనుకున్న వేలికి మాత్రం లొంగాలి.
పని ఇంతే అనుకున్నాను.

రాజాంలో, కాలేజీ వెనక అద్దె గదిలో
తెర మీద ఒక చక్రం గీశాను,
అంచు చుట్టూ పన్నెండు గుంటలు.
ఒక ఉక్కు గోళీ, దాని వీపు మీద స్ప్రింగు.
నడిపించాను.
గోళీ గుంటని చూడనే లేదు,
సిగడాం స్టేషన్లో ఆగని ఎక్స్‌ప్రెస్సులా
దాటుకుంటూ పోయింది.
లెక్కకీ లెక్కకీ నడుమ కాలం ఎక్కువైందని
కాలాన్ని సన్నగా తరిగాను. స్ప్రింగుని బిగించాను.
ఈసారి గుంటలో పడింది గానీ
జ్వరమొచ్చిన పిల్లలా రాత్రంతా వణికింది.
విసిగి గోళీనే తీసి పారేశాను.
దాని బదులు ఒక అల రాశాను:
కోణం మారేకొద్దీ మెలితిప్పే బలం
ఎక్కుతూ దిగుతూ, చుట్టుకి పన్నెండుసార్లు.
ఇప్పుడు మీట బుద్ధిగా ఆగుతోంది.
టక్కుమనదు, అంతే.

తవిటయ్య కొట్టు పాలకొండ రోడ్డు మీద.
నా ల్యాప్‌టాప్ వైపు చూడకుండానే
పాత ఫ్యాను రెగ్యులేటరొకటి విప్పాడు.
గోళీ ఎగిరి ఎటో పోయింది.
ఇద్దరం బల్ల కింద దూరాం,
రాగి తీగల తుక్కులో, చచ్చిన మిక్సీల మధ్య.
"స్ప్రింగుని నమ్మకు, గుంటా,"
అన్నాడు మోకాళ్ళ మీదుండే.
మా వైపు గుంటంటే ఆడపిల్ల.
గోళీ పడే గొయ్యీ గుంటే.
ఎవరితో అన్నాడో తెలీలేదు.

దొరికిన గోళీకి గ్రీజు రాశాడు, నూకగింజంత.
"ఇది నేకపోతే వణుకుద్ది."
పదిహేను రోజులుగా నేను వెతుకుతున్న అంకె
ఆయన చిటికెనవేలి కొన మీద నల్లగా మెరిసింది.

అప్పుడడిగాను, సిగ్గుపడుతూనే.
మీటని సరిగ్గా మూడుకీ నాలుక్కీ నడుమ
గట్టు కొన మీద పెడితే
నా తెర మీద అక్కడే నిలబడిపోతుంది.
గంట నడిపినా ఎటూ పడదు.
లెక్క తప్పు కాదు, రెండు వైపులా లాగుడు సమానం.
కానీ చోళ్ళూ కాక, గంటెలూ కాక
ఆ గట్టు మీద ఏం విత్తుతాం?

తవిటయ్య మాట్లాడలేదు.
మీటని ఆ గట్టు మీదే నిలపబోయాడు.
మూడోసారికి నిలిచింది. చెయ్యి తీశాడు.
పాలకొండ బస్సు వెళ్ళింది.
డబ్బాల్లో మరలు సన్నగా గలగలమన్నాయి.
టక్.
నాలుగు.

"మీ కంపూటర్ల రోడ్డు నేదేటి?"

ఆ రాత్రి లెక్కలో ఒక్క పంక్తి కలిపాను:
ఒక వణుకు, వెయ్యో వంతు, క్రమం లేనిది.
దానికో పేరడిగింది తెర.
పాలకొండ బస్సు అని కొట్టాను.
గట్టు మీద మీట కాసేపు ఆగి
మూడులో పడింది.

రేపు ఆయన్నడగాలి,
ఊళ్ళోకొచ్చే బస్సైతే మూడా,
పోయే బస్సైతే నాలుగా అని.